ఆశ్రిత సంఘటనల రిజిస్టరు

ప్రభుత్వానికి మనుషుల మీద జాలి కలగడం అరుదు. కలిగిందంటే మాత్రం వెంటనే దానికో ఫారం పుడుతుంది. ఆ ఏడాది పన్నులవారికి అలాంటి జాలే కలిగింది. పెళ్లి కాకుండా కలిసి బతుకుతున్నవాళ్లు కూడా తమతో ఉంటున్న మనిషి పిల్లల్ని తమ ఆశ్రితులుగా చూపించుకోవచ్చనీ, అందుకు పన్నులో కొంత రాయితీ ఇస్తామనీ, ఫలానా పిల్లలు ఫలానావారి ఆశ్రితులని గులాబీ రంగు ధ్రువపత్రం కూడా చేతికిస్తామనీ ఒక ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు ఒకటిన్నర పేజీ. అది దుర్వినియోగం కాకుండా కాపాడే నిబంధనలు అరవై రెండు పేజీలు. ఆ అరవై రెండు పేజీల్ని కాపాడటానికి జిల్లా కేంద్రంలో ఆశ్రిత నిర్ధారణ విభాగం అని ఓ కొత్త ఆఫీసు, దానికి రెండు ఏసీలు, ఒక జీపు.

సామర్లకోటలో ఉండే వాసంశెట్టి సూర్యచంద్రం ఆ ఉత్తర్వులో మొదటి ఒకటిన్నర పేజీ మాత్రమే చదివి సంబరపడ్డాడు. చదువుకున్నవాడే, కానీ ఎక్కడ ఆపాలో కాదు, ఎక్కడ మొదలుపెట్టకూడదో తెలియనివాడు.

అతను ఒక ప్రైవేటు ఐటీఐలో ఫిట్టరు పాఠాలు చెప్పే మాస్టారు. నలభై ఏడేళ్లు. ఆరేళ్లుగా మంగతాయారుతో కలిసి ఉంటున్నాడు. తాయారు బస్సు కండక్టరు. వారంలో ఐదు రోజులు హైదరాబాదు సర్వీసు మీదే ఉంటుంది. ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దది లోహితకు పన్నెండేళ్లు, చిన్నవాడు వినీల్‌కు ఎనిమిదిన్నర. వాళ్ల నాన్న గుబ్బల ప్రసన్నకుమార్, వినీల్ ఆరు నెలల బిడ్డగా ఉండగా, ఫోనుకు రీచార్జి చేయించుకొస్తానని చెప్పులేసుకుని వెళ్లాడు. ఆ రీచార్జి ఇంకా అవుతూనే ఉంది. పోయాడా అంటే పోలేదు, సూరత్‌లో బట్టల గోడౌనులో సూపర్‌వైజరుగా నిక్షేపంలా ఉన్నాడు. విడాకుల కేసు వాయిదాల మీద నడుస్తోంది. అంచేత తాయారూ సూర్యచంద్రమూ పెళ్లి చేసుకుందామనుకున్నా చేసుకునే వీలు లేదు. వీధిలో ఈ సంగతి అందరికీ తెలుసు, తెలిసినా వారానికోసారి అడుగుతారు.

సూర్యచంద్రానికి రాయితీ మీద ఆశ లేదు. అది ఏడాదికి పదకొండు వందల చిల్లర. అతనికి కావలసింది ఆ గులాబీ కాగితం. కిందటేడు వినీల్ గోడ దూకబోయి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. తాయారు ఆ వేళకి హైదరాబాదు వెళ్తున్న బస్సులో టిక్కెట్లు కొడుతోంది. సూర్యచంద్రం పిల్లవాణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. అక్కడ నర్సమ్మ కాగితం తీసి, "బాబుకి మీరేవవుతారండి?" అంది. సూర్యచంద్రం ఆ కాగితంలోని గళ్ల వైపు చూశాడు. చివరికి, "మాస్టార్నండి" అన్నాడు. మాస్టార్ల సంతకం పనికిరాదంది ఆవిడ. తాయారు ఇంకో బస్సు పట్టుకుని వెనక్కి వచ్చేసరికి నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటలూ పిల్లవాడు బల్ల మీద పళ్లు బిగబట్టుకుని పడుకున్నాడు. సూర్యచంద్రం వాడి కాళ్లు పట్టుకుని నిలబడ్డాడు. మళ్లీ అలాంటి నాలుగు గంటలు తన జన్మలో రాకూడదని ఆ రోజే అనుకున్నాడు.

ఆశ్రిత నిర్ధారణాధికారి చెరుకుమిల్లి అచలపతిగారు యాభై ఆరేళ్ల మనిషి. ఆయన మాట్లాడితే ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది. ఇంట్లో భార్యను మంచినీళ్లు అడగాలన్నా "విషయము" అని మొదలుపెడతారని ఆఫీసులో చెప్పుకుంటారు.

"అర్జీదారు వాసంశెట్టి సూర్యచంద్రం అనబడువారు మీరేనా?"

"నేనేనండి."

"సహజీవనము ప్రారంభమైన తేదీ?"

"ఆరేళ్ల కిందటండి. శ్రావణమాసం."

"శ్రావణమాసం ఆర్థిక సంవత్సరంలో లేదు. తేదీకి రుజువు కావలెను."

సూర్యచంద్రం ఆలోచించాడు. "ఆళ్లొచ్చిన రోజున మంచం చాల్లేదండి. సాయంత్రం బజారుకెళ్లి మడత మంచం కొన్నాం. దాని బిల్లుందండి."

సంచీలోంచి బిల్లు తీసిచ్చాడు. అచలపతిగారు దాన్ని అటూ ఇటూ తిప్పి, వెలుగులో పెట్టి చూశారు. "ఇది నిద్రకు రుజువు. సహజీవనానికి కాదు" అన్నారు. అన్నారు గానీ ఫైల్లోనే పెట్టుకున్నారు. ఫైలుకు కాస్త ఒళ్లుండాలి కదా.

తర్వాత ఆయన కంప్యూటరు వైపు తిరిగి పిల్లల పేర్లు కొట్టారు. కొట్టి, కుర్చీలో వెనక్కి వాలారు. "ఈ మైనర్లిద్దరూ ఇదివరకే ఒకరి ఆశ్రితులుగా నమోదై యున్నారు."

"ఎవరికండి?"

"గుబ్బల ప్రసన్నకుమార్, సూరత్. ఎనిమిది సంవత్సరములుగా ఏటేటా గడువుకు ముందే దాఖలు చేయుచున్నారు. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క దిద్దుబాటు లేదు. ఇంత శుభ్రమైన పత్రములు నా సర్వీసులో చూడలేదు."

సూర్యచంద్రానికి ఒళ్లు మండింది. "ఆయన ఎనిమిదేళ్లలో ఆ పిల్లలకి ఓ బిస్కట్ పొట్లం పంపిన పాపాన పోలేదండి!"

"అట్టి ఫిర్యాదేదియు ఆశ్రితుల నుండి మా కార్యాలయమునకు అందలేదు. ఫిర్యాదు లేకపోవుటయే పోషణకు రుజువు."

"ఒకడికి అప్పుడు ఆర్నెల్లండి బాబూ! పాలడబ్బా పట్టుకోడమే రాదు, ఫిర్యాదేం రాస్తాడండి?"

"తెలియకపోవుట మినహాయింపు కాదు. మైనరుకైనను."

"మరి ఆయన్ని రుజువులేం అడగలేదాండి?"

అచలపతిగారు చిన్నపిల్లవాడి ప్రశ్న విన్నట్టు జాలిగా చూశారు. "ఆయన వివాహితుడు. వివాహితుల విషయంలో ఆశ్రితత్వము స్వయంసిద్ధము. మీ వంటివారి విషయంలో ప్రత్యక్షసిద్ధము కావలెను. అనగా, సదరు మైనర్లు మీపై ఆధారపడుచుండగా మేము కన్నులారా చూడవలెను."

నిబంధన పదిహేడు ప్రకారం ఒక క్షేత్ర పరిశీలకుడు ఐదు పనిదినాలు, ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా, అర్జీదారు ఇంట్లో కూర్చుంటాడు. ఎవరు దేనికి ఎవరి మీద ఆధారపడినా ఆశ్రిత సంఘటనల రిజిస్టరులో టైముతో సహా రాస్తాడు. జడ వేస్తే నాలుగు మార్కులు, అన్నం కలిపి పెడితే మూడు, బూట్ల తాళ్లు కడితే ఒకటి. నూరు మార్కులు దాటితే పిల్లలు ప్రసన్నకుమార్‌తో పాటు సూర్యచంద్రం మీద కూడా ఆశ్రితులని రాసిస్తారు. దీన్ని సమాంతర ఆశ్రితత్వం అంటారట. సూర్యచంద్రం తలూపి, సంతకం పెట్టి, బస్సెక్కాడు.

వేసవి సెలవులు కనుక పిల్లలు ఇంట్లోనే ఉన్నారు. సూర్యచంద్రం ఐదు రోజులు సెలవు పెట్టాడు. ఆదివారం సాయంత్రం తాయారు అందర్నీ కూర్చోబెట్టి, బస్సులో ఫుట్‌బోర్డు వాళ్లతో మాట్లాడే గొంతుతో చెప్పింది.

"రేపట్నించి ఐదు రోజులు మీరిద్దరూ చేతకానోళ్లలా ఉండాలి. మీ అంతట మీరు ఏ పనీ ముట్టుకోకండి. ఏం కావాలన్నా మాస్టార్ని అడగండి. తెలిసిందా?"

"పళ్లు తోముకోవచ్చా అమ్మా?" అంది లోహిత.

"పదింటి లోపు తోమేసుకో."

"నా నిక్కరు నేనేసుకోవచ్చా?" అన్నాడు వినీల్.

"అది కూడా పదింటి లోపే."

వచ్చిన క్షేత్ర పరిశీలకుడి పేరు ఉమాకాంత్. ముప్పై లోపు కుర్రాడు. ఉద్యోగపు పరీక్షలు తొమ్మిదో పదో రాసి చివరికి ఇందులో తేలాడు. మర్యాదస్తుడు. ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, ఒళ్లో రిజిస్టరు తెరిచి, "నేను లేననుకోండి సార్. మామూలుగా ఆధారపడుతూ ఉండండి" అన్నాడు.

పది గంటల ఐదు నిమిషాలకు లోహిత దువ్వెన పట్టుకొచ్చి సూర్యచంద్రం ముందు చతికిలపడింది. "మాస్టారూ, నాకు జడెయ్యండి. నాకు రాదు" అంది, స్కూలు నాటకంలో చెప్పినట్టు. సూర్యచంద్రం మూడు పాయలు పట్టుకున్నాడు. మూడూ మూడు దిక్కులకు పోయాయి. ఒకసారి ముడి పడింది, ఒకసారి దువ్వెనే చిక్కుకుపోయింది. పావుగంట ఓపికపట్టి లోహిత మెడ తిప్పింది.

"అలాక్కాదు మాస్టారూ. కుడి పాయ మధ్యకి రావాలి. ఇప్పుడు ఎడంది. ఆ... ఇంక బిగించండి. అంత కాదు, కళ్లు పైకెళ్లిపోతున్నాయి!"

పదీ నలభైకి జడ పూర్తయింది. సూర్యచంద్రం గర్వంగా రిజిస్టరులోకి తొంగి చూశాడు. అందులో ఇలా ఉంది: "10.40. జడ అల్లుట విషయమై అర్జీదారు మైనరు లోహితపై ఆధారపడెను. నాలుగు మార్కులు, లోహితకు."

"ఇదేటండి? మార్కులు నాకు కదా రావాలి?"

ఉమాకాంత్ నొచ్చుకున్నాడు. "రిజిస్టర్లో రెండు గళ్లే ఉన్నాయండి. ఆధారపడినవారు, ఆధారమైనవారు. ఏ గడిలో ఎవరుండాలో నిబంధనల్లో లేదండి. నేను చూసిందే రాస్తాను. అబద్ధం రాయలేను సార్."

అతను నిజాయితీపరుడు. ఈ కథలో చిక్కంతా అక్కడే ఉంది. లంచం పుచ్చుకునేవాడైతే ఆ రోజు మధ్యాహ్నం కోడికూరతో వ్యవహారం తేలిపోయేది.

ఆ ఐదు రోజులూ ఆ రిజిస్టరు సూర్యచంద్రానికి తెలియని సూర్యచంద్రాన్ని చూపించింది. మధ్యాహ్నం భోజనం కాగానే లోహిత అలవాటు కొద్దీ బీపీ మాత్ర చేతిలో పెట్టింది, ఐదు మార్కులు. వంటింట్లో బల్లి కనిపిస్తే అతను గుమ్మం దగ్గరే ఆగిపోయి, "అమ్మలూ, ఓసారి రామ్మా" అన్నాడు. లోహిత చీపురు పట్టుకెళ్లి దాన్ని సాగనంపింది, అవి నాలుగు. కరెంటు బిల్లు ఫోన్లో కట్టబోయి నంబరు ఎక్కడ కొట్టాలో తెలియక ఫోను లోహితకే ఇచ్చాడు. కళ్లద్దాలు రోజుకు నాలుగుసార్లు పోయేవి. వాటిని వెతికిపెట్టడం వినీల్ పని. ఆ పని వాడికి ఎంత అలవాటంటే చూడకుండానే, "ఫ్రిజ్జు మీద మాస్టారూ" అనేవాడు. అద్దాలు దొరికిన ప్రతిసారీ రెండు మార్కులు వినీల్ పేర పడ్డాయి. పిల్లలకు చేతకానట్టు ఉండమని చెప్పారు గానీ, చేతనైనట్టు ఉండమని సూర్యచంద్రానికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా ప్రయోజనం ఉండేది కాదు.

మంగళవారం ఉమాకాంత్ ఫోనులో వివరాలు ఆఫీసుకు పంపబోతే అవి వెళ్లలేదు. పన్నెండుసార్లు నొక్కాడు. లోహిత పక్కన నిలబడి చూసి చూసి, "అంకుల్, మీరు తేదీ గడిలో పేరు కొడుతున్నారు" అని సరిచేసి పంపింది. ఉమాకాంత్ కాసేపు పెన్ను పట్టుకుని బాధపడ్డాడు. చివరికి "క్షేత్ర పరిశీలకుడు మైనరు లోహితపై ఆధారపడెను" అని తన పేరు కూడా రాసుకున్నాడు.

గురువారం సాయంత్రం వినీల్ సైకిలు మీంచి ఇంటి ముందే పడ్డాడు. మోకాలు దోక్కుపోయి రక్తం కారింది. సూర్యచంద్రం చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తి వాణ్ణి ఎత్తుకొచ్చాడు. అరుగు మీద కూర్చోబెట్టి, గాయం కడిగి, ఊదుతూ మందు రాస్తుంటే, ఎముక విరిగినప్పుడు కూడా ఏడవని ఆ పిల్లవాడు అతని మెడ కరుచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. విరిగిన చెయ్యి గుర్తొచ్చిందేమో. "ఆసుపత్రికొద్దు మాస్టారూ, ఆసుపత్రికొద్దు" అన్నాడు. సూర్యచంద్రం, "ఒద్దులే నాన్నా, ఎల్లొద్దులే" అంటూ వాణ్ణి ఊపుతూ కూర్చున్నాడు. ఊపుతూనే కళ్లెత్తి చూశాడు. ఉమాకాంత్ గుమ్మంలో నిలబడి చెప్పులు వేసుకుంటున్నాడు. అంతా చూశాడు. అతని కళ్లు కూడా చెమ్మగిల్లాయి.

"చూశారు కదండి," అన్నాడు సూర్యచంద్రం ఆశగా. "రాశారా?"

ఉమాకాంత్ చేతి గడియారం చూపించాడు. "ఐదూ నాలుగైందండి. ఐదింటికే రిజిస్టరు మూసేయాలి." పాపం మనసొప్పక, "రేపు పది నుంచి ఐదు లోపు పడమనండి సార్. తప్పకుండా రాస్తాను" అన్నాడు.

సూర్యచంద్రం పిల్లవాణ్ణి ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయాడు. అనగలిగే మాటలు పిల్లవాడి చెవిలో పడకూడనివి.

పది రోజులకు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తర్వు వచ్చింది. తాయారు ఆ రోజు ఇంట్లోనే ఉంది. కవరు చింపి గట్టిగా చదివింది.

"పైన ఉదహరించిన విషయమై తెలియజేయునది ఏమనగా, సదరు మైనర్లు అర్జీదారుపై ఆధారపడిన సంఘటనలకు వెరసి ఇరవై ఆరు మార్కులు మాత్రమే లభించినవి. కావున అర్జీ తిరస్కరించడమైనది. అయితే అర్జీదారు మైనరు లోహితపై ఆధారపడిన సంఘటనలకు నూట పన్నెండు మార్కులు లభించినందున, సదరు సూర్యచంద్రం మైనరు లోహితకు ఆశ్రితుడని ఇందుమూలముగా నిర్ధారించడమైనది. పోషకురాలు లోహిత పదిహేను దినములలోగా తన ఆశ్రితుని క్లెయిము చేసుకొనవలెను. చేసుకొనని యెడల ఆశ్రితుని నిరాదరించిన నేరమునకు చర్య తీసుకొనబడును."

వినీల్ పకపకా నవ్వాడు. తాయారుకు నవ్వు రాలేదు. "పన్నెండేళ్ల పిల్ల మిమ్మల్ని పోషిస్తోందా? మరి తెల్లారగట్ల లేచి బస్సెక్కే నేనెవర్నండీ ఈ ఇంట్లో?"

"నువ్వు రిజిస్టర్లో లేవు తాయారూ," అన్నాడు సూర్యచంద్రం నీరసంగా. "నువ్వు డ్యూటీలో ఉన్నావు."

అతను లేచి పెరట్లోకి వెళ్లి పంపు దగ్గర కూర్చున్నాడు. ఆ కాగితంలో ఒక్క అబద్ధం కూడా లేదు. అదే అతనికి గుచ్చుకుంది. మాత్రలు లోహితే ఇస్తుంది, అద్దాలు వినీలే వెతుకుతాడు. వాళ్లు లేకపోతే తనకు రోజు గడవదు. ఇంతా చేసి, వాళ్లకు తను ఏమవుతాడో మాత్రం ఏ గడిలోనూ లేదు. ఆరేళ్లలో ఇంత అవమానం, ఇంత దిగులు ఎప్పుడూ కలగలేదు. ఎవరికీ కనిపించకుండా కాసేపు పంపు విప్పి మొహం కడుక్కున్నాడు.

లోహిత వెనకాలే వచ్చింది. "మాస్టారూ, ఆ అరవై రెండు పేజీలు ఎక్కడున్నాయి?"

"ఎందుకమ్మలూ?"

"నేను మిమ్మల్ని క్లెయిము చెయ్యాలి కదా. లేకపోతే నా మీద కేసు పెడతారంట."

రెండు రోజులు ఫ్యాను కింద బోర్లా పడుకుని ఆ పుస్తకం చదివింది. పెన్సిలుతో గీతలు పెట్టుకుంది. మూడో రోజు జడ తనే వేసుకుని, "పదండి, ఆఫీసుకెల్దాం" అంది. ఎందుకంత హుషారుగా ఉందో సూర్యచంద్రం అడిగితే చెప్పలేదు.

అచలపతిగారు వాళ్లిద్దర్నీ చూసి స్వయంగా కుర్చీ జరిపారు. ఆయన సంతోషానికి కారణం ఉంది. విభాగం పుట్టిన దగ్గర్నుంచి మూడు వందల నలభై అర్జీలు వస్తే మూడు వందల నలభైనీ తిరస్కరించారు. ఆశ్రితుడని తేలినవాడు ఒక్క సూర్యచంద్రమే. పైవాళ్లకు పంపే నివేదికలో విజయాలు అనే గడి ఇన్నాళ్లూ ఖాళీగా ఉంది.

"పోషకురాలు లోహితగారు మీరేనా? కూర్చొనుడు. మీ ఆశ్రితుని కూడా కూర్చొనమనుడు."

"కూర్చోండి మాస్టారూ," అంది లోహిత. సూర్యచంద్రం కూర్చున్నాడు.

ఫారం పద్నాలుగు తెప్పించారు. లోహిత ముత్యాల్లాంటి అక్షరాలతో నింపింది. చివరికి వచ్చి ఆగింది. "సార్, నేను మైనర్ని కదండి. నా తరఫున సంరక్షకుడు సంతకం పెట్టాలంట."

"అవశ్యము. రికార్డు ప్రకారం మీ సంరక్షకుడు గుబ్బల ప్రసన్నకుమార్."

"ఆయనకి ఫోన్ చెయ్యండి సార్. నిబంధన నలభైలో ఫోన్లో అడగొచ్చని ఉంది."

అచలపతిగారు పేజీ తిప్పి చూసుకున్నారు. ఉంది. అందరికీ వినబడాలని కూడా ఉంది. స్పీకరు పెట్టి ఫోను బల్ల మధ్యలో ఉంచారు. పక్కన ఉమాకాంత్ రిజిస్టరు తెరిచాడు.

"గుబ్బల ప్రసన్నకుమార్‌గారేనా? ఆశ్రిత నిర్ధారణ విభాగము నుండి."

అవతలి గొంతు వణికింది. "రాయితీ ఏవన్నా ఆపేశారాండి?"

"లేదు, లేదు. మీ రికార్డు నిష్కళంకము. మీ కుమార్తె లోహిత ఒక ఫారం దాఖలు చేయుచున్నది."

"ఎవరండి?"

లోహిత పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టింది. సూర్యచంద్రానికి ఆ ఫోను ఎత్తి గోడకు కొట్టాలనిపించింది. గవర్నమెంటు ఫోనని కాదు, లోహిత అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది, అందుకని ఊరుకున్నాడు.

"లోహిత," అన్నారు అచలపతిగారు.

"ఆ... పెద్దదాండి."

"సంరక్షకునిగా సంతకము చేయుటకు మీరు స్వయముగా రావలెను."

"సూరత్ నుంచాండి? ఓ సంతకానికా? నావల్ల కాదండి బాబూ. అక్కడెవరో ఉంటున్నాడంట కదా, మాస్టారో ఎవరో. ఆయన్నే పెట్టేసుకోమనండి."

"దీనిని మీ మౌఖిక అధికార బదలాయింపుగా నమోదు చేయవచ్చునా?"

"ఏదైతే అది రాసుకోండి. నా రాయితీ పోదు కదండి?"

"పోదు. అది వేరు విషయము."

ఫోను పెట్టేశారు. అచలపతిగారు ఫారం తిప్పి సూర్యచంద్రం ముందుకు జరిపారు. "ఆశ్రితునిగా ఎడమ ప్రక్క, సంరక్షకునిగా కుడి ప్రక్క. రెండునూ మీరే."

సూర్యచంద్రం పెన్ను అందుకున్నాడు. లోహిత అతని చెవి దగ్గరకు వంగింది. "కుడి పక్కన పైన ఏం రాసుందో చదవండి మాస్టారూ."

కుడి పక్కన సన్నటి అక్షరాల్లో ఇలా ఉంది: "గృహములోని మైనర్లందరి సంరక్షకుడు. నిబంధన నలభై ఒకటి ననుసరించి ఈ సంతకము సకల కార్యాలయములందు, విద్యాలయములందు, వైద్యాలయములందు చెల్లును."

అతను రెండోసారి చదివాడు. లోహిత వైపు చూశాడు. ఆ పిల్ల ఏమీ ఎరగనట్టు గోడ మీద ఏసీ వైపు చూస్తోంది. సూర్యచంద్రం సంతకం మొదలుపెట్టాడు గానీ సగంలో అక్షరాలు కనబడటం మానేశాయి. టపటపా రెండు చుక్కలు ఫారం మీద పడి సిరా అలుక్కుపోయింది.

"తడిసిన ఫారము చెల్లదు," అన్నారు అచలపతిగారు. "ఇంకొకటి నింపవలెను. మొత్తం మూడు ప్రతులు."

"మూడేంటండి," అన్నాడు సూర్యచంద్రం బొంగురుగొంతుతో. "ముప్పై ఇవ్వండి, పెట్టేస్తాను."

లోహిత తన రుమాలు తీసి అతని చేతిలో పెట్టింది. అతను మొహం అంతా దాంట్లో పెట్టుకుని, ఫిట్టరు మాస్టారన్న సంగతి కూడా మరిచిపోయి, భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. లోహిత వీపు నిమురుతూ, "ఊరుకోండి మాస్టారూ, ఊరుకోండి" అంటోంది.

ఉమాకాంత్ టైము చూసుకుని రిజిస్టరులో రాసుకున్నాడు. రాసి, అధికారి వైపు తిరిగాడు. "సార్, ఓదార్పుకి ఆరు మార్కులండి. కానీ ఏడుపు సహజమైనదని అధికారి చూసి ధ్రువీకరించాలండి."

అచలపతిగారు కళ్లజోడు సర్దుకున్నారు. కుర్చీలోంచి లేచి, బల్ల మీదికి వంగి, సూర్యచంద్రం మొహంలోకి చాలాసేపు పరీక్షగా చూశారు.

"సహజమే," అన్నారు. "వ్రాయుడు."